వెలగకూడని దీపం

రేపల్లె నుంచి పొద్దుటి బండిలో వచ్చిన గార్డు డ్యూటీ దిగి ఇంటికి పోతూ మా ప్రెస్సు ముందు సైకిలు ఆపాడు. "మీ సిగ్నల్ బాబాయ్ పోయాడండి. నిన్న మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చినవాడు మళ్ళీ లేవలేదంట" అన్నాడు. పెడల్ మీది కాలు తియ్యకుండానే ఆ మాట చెప్పి వెళ్ళిపోయాడు. నేనప్పుడు ఎవరినో తిడుతూ రాసిన సంపాదకీయానికి ప్రూఫులు దిద్దుకుంటున్నాను. ఆ కబురు విన్నాక కూడా చివరి పేరా దాకా దిద్దాను. ఆ తర్వాతే చెయ్యి ఆగింది.

పోయినవాళ్ళ గురించి రాయడానికి మన పత్రికల్లో ఒక పద్ధతి ఏర్పడిపోయింది. పోయినవాడు అజాతశత్రువు, నిగర్వి, ఆయన లేని లోటు తీరనిది. రాసేవాడు మాత్రం ఆయనకు అత్యంత సన్నిహితుడు. ఆ రకం రాతల్ని నేను ఎన్నిసార్లు ఎండగట్టానో ఈ పత్రిక చదివేవాళ్ళకు తెలుసు. కనుక ముందే చెబుతున్నాను. బాబాయ్ ఉండగా ఆయన విషయంలో నేను చెయ్యకుండా వదిలేసిన పని ఒకటుంది. దాని గురించే రాస్తున్నాను.

ఆయన పుట్టింది అడవులదీవిలో, సముద్రం మీద వేటకు పోయే ఇంట్లో. ఏ తుపానుకో ఇంటి పడవ పోతే కుర్రతనంలోనే రైల్వేలో ఖలాసీగా చేరాడు. తెనాలి జంక్షన్లో సిగ్నల్ ఫిట్టర్ అయ్యాడు. స్తంభం ఎక్కి సిగ్నల్ దీపం తుడవడం, తీగ బిగించడం, సిగ్నల్ చెయ్యి కిందికి పడిందో లేదో చూడడం ఆయన పని. స్టేషను దగ్గర మా వీధిలోనే రెండు గదులు అద్దెకు తీసుకుని భార్యతో, ఒక్కగానొక్క కూతురితో ఉండేవాడు.

నేను ఆయన్ని బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఇందులో నా గొప్పతనం ఏమీ లేదు. తెనాలిలో సోడా కొట్టేవాడూ బాబాయే, జట్కా తోలేవాడూ బాబాయే. వరస కలపడానికి మనకు ఖర్చు ఏముంది? ఆ బాబాయ్ ఇంట్లో కూర్చుని అన్నం తినమంటే అప్పుడు గుర్తొస్తుంది మనకు వంశం. మా నాన్న వేమూరు దగ్గర పొలాలున్న మనిషి. ఆయనా బాబాయ్‌ని "ఏమోయ్ తమ్ముడూ" అనే పలకరించేవాడు, వాకిట్లోనే నిలబెట్టి. ఆ రోజుల్లో నేను కులం మీద, తంతుల మీద కరపత్రాలు వేసేవాణ్ణి, సభల్లో గొంతు చించుకునేవాణ్ణి. కాబట్టి పట్టుబట్టి ఆయనింట్లోనే కూర్చునేవాణ్ణి. పిన్ని పెట్టిన చేపల పులుసు తినేవాణ్ణి.

ఆయన మాత్రం నన్ను "అబ్బాయిగారూ" అనేవాడు. ప్రతి మాటకూ చివర అండి. పదేళ్ళు చిన్నవాణ్ణి, అండి వద్దు బాబాయ్ అని ఆరు నెలలు వాదించాను. "అట్టాగేనండి" అనేవాడు.

ఆ అండి పోయింది నా వాదనతో కాదు, నా తెలివితక్కువతనంతో. ఒక ఆదివారం ఆయన సీసంతో తీగలకు అతుకులు వేస్తుంటే సాయం చేద్దామని కాలుతున్న అతుకు కడ్డీ అందుకోబోయాను, పిడి వైపు కాకుండా కొన వైపు. "ఒరే! కొన పట్టుకుంటావేంటిరా, బుద్ధి లేదంట్రా నీకు?" అని నా చేతిని పక్కకు కొట్టాడు. కొట్టి, నాలుక కరుచుకున్నాడు. నాకు వేళ్ళు కాలలేదు. ఆ ఒరే మాత్రం ఇప్పటికీ వెచ్చగా ఉంది. ఏ సభలోనూ నాకు అంత పెద్ద సన్మానం జరగలేదు. ఆనాటి నుంచి మూడేళ్ళపాటు నేను ఆయనకు ఒరేనే.

ఆయన అతుకులు వేస్తున్నది బొమ్మ రైలుబండికి. ఆయనింట్లో ముందుగదిని సగం ఒక పాత తలుపు ఆక్రమించుకుని ఉండేది. దాన్ని నాలుగు ఇటుకల దొంతులమీద పరిచి, కిరసనాయిలు డబ్బా రేకు సన్నగా కోసి పట్టాలు చేసి, అగ్గిపుల్లల మందాన స్లీపర్లు చెక్కి, చుట్టూ తిరిగే లైను వేశాడు. తెనాలి, వేమూరు, రేపల్లె అని బోర్డులు. జానెడు ఇంజను, వెనక మూడు పెట్టెలు. ఇంజను కడుపులో మద్రాసు పాత సామాన్ల బజారులో కొన్న చిన్న మోటారు. పట్టాల్లోంచి కరెంటు చక్రాలకు వచ్చేది, చక్రాల్లోంచి మోటారుకు పోయేది.

వచ్చినవాళ్ళందరూ ఇంజను చూసి మురిసిపోయేవారు. ఆయన గర్వపడింది ఇంజను గురించి కాదు, బల్ల కొసన ఉన్న చెక్కపెట్టె గురించి. బండి వేగం పెంచేదీ తగ్గించేదీ ఆ పెట్టే. దాన్ని పగ్గం అనేవాడు. లోపల ఆయనే చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు, వేడి పోవడానికి క్యారేజీ గిన్నె మూతకు బిగించిన ట్రాన్సిస్టరు, పైన పాత రేడియో మర. మొదట్లో కరెంటు పొయ్యి తీగచుట్టతో నడిపాడు. ట్రాన్సిస్టరు వచ్చాక బండి స్టేషనులోంచి నిజం బండిలాగానే కదిలేది, అయిష్టంగా, కొంచెం కొంచెంగా.

"బండి చెయ్యడం ఎవడైనా చేస్తాడు. పగ్గాన్ని బతికించుకోవడంరా కష్టం" అనేవాడు.

దాన్ని బతికించుకోవడానికి ఆయన పడిన పాట్లు చూస్తే నవ్వొచ్చేది. పడవ చెక్కకు నూనె పట్టించినట్టు తీగచుట్టకు లక్క పట్టించేవాడు, ఉప్పుగాలి తినకుండా. మోటారు ఆగేటప్పుడు గాడిదలా వెనక్కి తన్నుతుందనీ, ఆ తాపు ట్రాన్సిస్టరుకు తగలకుండా ఒక డయోడును అడ్డం పెట్టాననీ చెప్పేవాడు. మబ్బు పడితే గోడలోంచి ప్లగ్గు పీకేసేవాడు. అన్నిటికన్నా పెద్ద కాపలా ఒక కారు దీపం, బ్రేకు తొక్కితే వెనక వెలుగుతుందే, ఆ బల్బు. దాన్ని పెట్టె మీద హోల్డరులో బిగించాడు. పట్టాలకు పోయే కరెంటంతా ఆ బల్బులోంచే పోవాలి.

బండి సవ్యంగా నడిచినంతసేపూ ఆ బల్బు వెలగదు, తీగలో కాస్త ఎర్రదనం తప్ప. బండి పట్టా తప్పి రెండు పట్టాలూ ఒకదానికొకటి తగిలాయా, ఒక్కసారిగా భగ్గున వెలుగుతుంది. ట్రాన్సిస్టరును కాల్చాల్సిన పోటంతా అది మింగేసి, వెలుగుగా కక్కుతుంది. మనం బండిని సరిచేస్తే మళ్ళీ ఆరిపోతుంది.

"ఇదేం దీపం బాబాయ్, అంతా బాగుంటే ఆరిపోయి ఉంటుంది?" అన్నాను మొదటిసారి.

"మంచి దీపమంటే అదేరా. దీని మొహాన వెలుగొచ్చిందంటే ఎక్కడో కొంపంటుకుందని."

ఫ్యూజు ఉంది కదా, ఇదెందుకు అంటే, ఫ్యూజు నిదానస్తుడని చెప్పాడు. వాడు ఆలోచించుకుని చచ్చేలోపల ట్రాన్సిస్టరు ముందే చస్తుందట. "కాలాల్సొస్తే ముందు చవకది కాలాలి. లేపోతే ఈ పనంతా దండగ" అన్నాడు. నేను ఊరుకుంటానా? లోకంలో జరుగుతున్న అన్యాయమంతా అదే కదా బాబాయ్, ఖరీదైనవాళ్ళు బతకడానికి చవక మనుషులు కాలడమే కదా అని గంటసేపు ఉపన్యసించాను. ఓపిగ్గా విని, "నేను చెప్పింది బల్బు సంగతిరా నాయనా" అన్నాడు. పిన్ని వంటగదిలోంచి నవ్వింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. తీగకు తీగ కలపడం నాకూ నేర్పాడు. కానీ నా ముడి ఆయనకు నచ్చేది కాదు. వల అల్లే చేతులకు ప్రతి ముడీ ఒక సంతకం. "నీది పలుపు ముడిరా. గేదెను కట్టేసినట్టు కడతావు. వెయ్యి ముళ్ళలో పడేసినా ఇది రైతుబిడ్డ వేసిందని చెప్పుద్ది" అనేవాడు.

అప్పటికి ఆయన మోకాలు పాడయింది. స్తంభం ఎక్కడం కష్టంగా ఉంది. ఆ సమయంలోనే బాపట్లలో కొందరు పెద్దలు కమిటీగా ఏర్పడి చేతిపనుల బడి పెట్టబోతున్నారని తెలిసింది. కరెంటు పని నేర్పే మనిషి కావాలి. నేనే వెళ్ళి ఈయన గురించి చెప్పాను. బడి ప్రారంభోత్సవానికి చిన్న విజ్ఞాన ప్రదర్శన పెడుతున్నాం, ఆయన్ని బండి నడిపి చూపించమనండి, పదిమందికీ నచ్చితే చేర్చుకుంటాం అన్నారు. ఆ మాట మోసుకొచ్చి చెబితే బాబాయ్ చేతిలో పని పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు: "ఖలాసీ అన్నారు, ఫిట్టరన్నారు. ఒక్కసారి మాస్టారు అనిపించుకుని పోవాలని ఉందిరా."

తలుపునూ పట్టాలనూ రైలుపెట్టెలోకి ఎక్కించి, పగ్గాన్ని ఒళ్ళో పెట్టుకుని, తెనాలి నుంచి బాపట్ల దాకా చంటిపిల్లను తీసుకుపోతున్నట్టు కూర్చున్నాడు. ప్రదర్శన హాల్లో అంతా బిగించి, రెండుసార్లు తిప్పి చూసి, బల్బు మీద దుమ్ము తుడిచాడు. ఇంతలో భోజనాలన్నారు. పెద్దలకూ వక్తలకూ లోపల వరస. నేను వక్తను. బాబాయ్‌ని ఎవరూ పిలవలేదు. ఆయన క్యారేజీ పట్టుకుని హాలు వెనక మెట్లమీదికి పోయాడు. నేను చూశాను. లేచి ఆయన పక్కన కూర్చోవాలని అనుకున్నాను. అనుకుంటూ పెరుగు దాకా తిన్నాను.

తిని వచ్చేసరికి వేదిక మీద ఇత్తడి కుందిలో నూనె పోస్తున్నారు. ముఖ్య అతిథి జ్యోతి వెలిగించి ప్రారంభిస్తారట. నాకు ఒళ్ళు మండింది. విజ్ఞానానికి చమురు దీపం ఏంటండీ, శంకుస్థాపనకూ జ్యోతే, శాస్త్రానికీ జ్యోతేనా అని కమిటీ పెద్దతో తగువుకు దిగాను. ఆయనా తెలివైనవాడే. "సరేనయ్యా, నీ శాస్త్రం దీపమేదో నువ్వే చూపించు, అదే వెలిగిస్తాం" అన్నాడు. ముఖ్య అతిథి కారు అప్పటికే గేటు దగ్గరికి వచ్చింది.

నా కళ్ళు పగ్గం మీది బల్బు మీద పడ్డాయి. ఎదురుగా, అందరికీ కనబడేలా, ఎర్రటి హోల్డరులో అందంగా ఉంది. మూడేళ్ళు పక్కన కూర్చుని చూశాను కదా, నాకు రాని విద్యా అనుకున్నాను. మూత తీశాను. బల్బుకు పోయే రెండు తీగలూ ఊడదీసి, వాటి కొసలు ఒకదానితో ఒకటి మెలిపెట్టాను. బల్బును వేరే తీగలతో నేరుగా ట్రాన్స్‌ఫార్మరుకు కలిపి, మధ్యలో ఒక స్విచ్చి పెట్టాను. అయిదు నిమిషాల పని. బాబాయ్‌ని అడగాలన్న ఆలోచనే రాలేదు. ఆయన వెనక మెట్ల మీద అన్నం తింటున్నాడు.

అతిథి స్విచ్చి నొక్కాడు, దీపం వెలిగింది, చప్పట్లు మోగాయి. మనిషి చీకటిని గెలిచింది ప్రమిదతో కాదు, ప్రశ్నతో అని నేను మైకులో అందుకున్నాను. ఆ వాక్యం నాకు బాగా నచ్చింది. అప్పుడు హాలు చివర్నుంచి కేక.

"దీపం వెలిగిందండీ! ఆపండి, ఆపండి!"

బాబాయ్. చేతికి ఎంగిలి ఇంకా ఆరలేదు. కుంటికాలితో జనాన్ని తోసుకుంటూ వస్తున్నాడు. ఆ హాల్లో మూడువందల మందికి ఆ వెలుగు శుభం. ఆయన ఒక్కడికే అది ప్రమాదం. ముందు వరసలో ఎవరో "వెలగాలనే కదయ్యా వెలిగించింది" అన్నారు. హాలంతా నవ్వింది. వేదిక మీది నుంచి నేనూ నవ్వాను. ఇద్దరు వాలంటీర్లు ఆయన భుజాలు పట్టుకుని, కంగారుపడకు పెద్దాయనా, నీ వంతు వస్తుందిలే అని నిలబెట్టేశారు.

కమిటీ పెద్ద మర తిప్పాడు. బండి తెనాలి దాటింది. వేమూరు దగ్గర ఒకావిడ ముచ్చటపడి ఇంజను మెడలో తళుకుల దండ వేసింది. జరీ తీగ, తగరపు బిళ్ళలు. దండ జారి రెండు పట్టాల మీదా పడింది. బల్బు తన చోట ఉండి ఉంటే భగ్గుమని వెలిగేది, బండి ఆగేది, దండ తీస్తే మళ్ళీ కదిలేది. అది నా శాస్త్ర జ్యోతిగా పక్కన కులాసాగా వెలుగుతోంది. పగ్గంలోంచి చిటుక్కుమని ఒక చప్పుడు, ఆ తర్వాత పొగ. ఫ్యూజు, ఆయన చెప్పినట్టే, ఆలోచించుకుని ఆ తర్వాత చచ్చింది.

వాలంటీర్లు వదిలేశారు. బాబాయ్ వచ్చి మూత తీశాడు. లోపల నేను మెలిపెట్టిన ముడి. దాన్ని బొటనవేలితో ఒకసారి తడిమాడు. తలెత్తి నావైపు చూశాడు, ఎంతసేపని చెప్పను, రెప్ప వేసేంత. మూత పెట్టేశాడు.

"వలలు అల్లుకునేవాడికి వైర్లు అప్పజెబితే ఇంతేగా మరి" అన్నాడు కమిటీ పెద్ద, అతిథికి వినబడేటట్టు.

బాబాయ్ తల వంచుకుని, "నాదే పొరపాటండి" అన్నాడు.

నా చేతిలో మైకు ఉంది. ఆ వాక్యం మళ్ళీ చదవండి. అన్యాయం జరిగితే నోరు విప్పనివాడు నేరస్థుడే అని ఊరూరా చెప్పినవాణ్ణి. చేతిలో మైకు పెట్టుకుని నోరు విప్పలేదు. ఎందుకో ఆ రోజే నాకు నేను చెప్పుకున్నాను: తప్పు నాదంటే వీళ్ళు విద్యుద్దీపాన్ని వెక్కిరిస్తారు, జ్యోతిని కాదన్నందుకే ఇలా అయిందంటారు, ఉద్యమం పరువు పోతుంది. ఎంత ముచ్చటైన తర్కం. నా మాటకు విలువ ఎక్కువ, ఆయన ఉద్యోగానికి విలువ తక్కువ. కాలాల్సొస్తే ముందు చవకది కాలాలి.

ఆ ఉద్యోగం వేరే ఎవరికో ఇచ్చారు.

తిరుగు బండిలో ఆయన పగ్గాన్ని మళ్ళీ ఒళ్ళోనే పెట్టుకున్నాడు. పొన్నూరు దాటాక "బాబాయ్" అన్నాను. "ఎండగా ఉంది, మీరు ఇటు నీడలోకి జరగండి" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే కాళ్ళ మీద పడేవాణ్ణేమో. తిట్టలేదు. అండి అన్నాడు. మూడేళ్ళ ఒరే ఆ బండిలోనే ఎక్కడో దిగిపోయింది. తెనాలిలో దిగాక తలుపు మోయడానికి చెయ్యి వేస్తే, "మీకెందుకండి శ్రమ, కూలీని పెట్టుకుంటాను" అన్నాడు.

అంతకన్నా నీచమైన పని తర్వాత చేశాను. పత్రికలో వ్యాసం రాశాను. ఒక పల్లెకారుల బిడ్డ నైపుణ్యాన్ని పెద్ద కులాల కమిటీ ఎలా అవమానించిందో, అలంకారానికి వేసిన దండ ఒక శాస్త్ర పరికరాన్ని ఎలా కాల్చిందో రాశాను. ప్రతి మాటా నిజమే. ముడి సంగతి ఒక్కటే లేదు. ఆ వ్యాసానికి వచ్చినన్ని మెచ్చుకోలు ఉత్తరాలు నాకు మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత ఆయన రిటైరై, పిన్ని పోయాక, రేపల్లెలో బడిపంతులమ్మగా చేస్తున్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. తెనాలి నుంచి రేపల్లె ఎంత దూరమని? పొద్దున పోయి మధ్యాహ్నానికి రావచ్చు. అడవులదీవిలో మీటింగుకు రేపల్లె మీదుగానే మూడుసార్లు పోయాను. ఒకసారి వాళ్ళ వీధి మొదలు దాకా నడిచాను. ఇప్పుడెందుకులే పాత గాయాన్ని కెలకడం అనుకుని తిరిగొచ్చాను. గాయం ఆయనదైనట్టు.

కబురు తెలిసిన మూడోరోజు వెళ్ళాను. కూతురు పెద్దగా ఏడవలేదు, నన్ను చూసి కుర్చీ వేసింది. నేను కూర్చోకుండానే చెప్పేశాను, బల్బు నేనే తీశానమ్మా, ముడి నాదేనమ్మా అని. ఇన్నేళ్ళు మోసిన మాట నాలుగు ముక్కల్లో అయిపోయింది.

"తెలుసండి" అంది. "నాన్న బాపట్ల నుంచి ఇంటికొచ్చిన రోజే అమ్మతో చెప్పాడు."

"నా వ్యాసం..."

"చదివాడండి. బాగా రాశాడు అన్నాడు. అంతే."

ఎంత తిట్టినా ఆ మాట ముందు తక్కువే.

పక్కగదిలో అదే తలుపు, అవే పట్టాలు. ట్రాన్సిస్టరు మార్చి బాగుచేశాడట. సాయంత్రం బడి వదిలాక పిల్లలొచ్చి చూసేవాళ్ళట. పిల్లలు మాస్టారు అనేవాళ్ళా అమ్మా అని అడిగాను. "లేదండి, రైలు తాతయ్య అనేవాళ్ళు" అంది.

పగ్గం మూత తీసి చూశాను. బల్బు ఇప్పుడు హోల్డరులో లేదు. తీగలకు నేరుగా అతుకు వేసి, అతుకు మీద లక్క పోసి గట్టిపరిచాడు. మాడిపోతే మార్చుకోవడం కష్టమని ఆయనకు తెలియదా? తెలుసు. ఎవరూ ఊడదీయలేకుండా ఉండడమే ముఖ్యమనుకున్నాడు. పిడుగు నుంచీ ఉప్పుగాలి నుంచీ మోటారు తాపు నుంచీ దాన్ని కాపాడుకున్న మనిషి, చివరకు నాలాంటివాడి నుంచి కూడా కాపాడుకున్నాడు.

కూతురు ప్లగ్గు పెట్టి మర తిప్పింది. బండి తెనాలి నుంచి కదిలింది, అదే అయిష్టంతో. కిటికీలో పిల్లల స్కేలు ఒకటి కనబడింది, ఇనపది. దాన్ని తీసుకుని వేమూరు దగ్గర రెండు పట్టాల మీదా అడ్డంగా పెట్టాను. బండి ఆగింది. బల్బు భగ్గుమంది. పట్టపగలు గదిలో, ఆయన కుర్చీ మీద, గోడ మీద, నా చేతి మీద పసుపుపచ్చటి వెలుగు పడింది. ఆ రోజు హాల్లో ఇది ఇక్కడే, ఇలాగే వెలగాల్సింది. నేను స్కేలు తియ్యలేకపోయాను.

"చూశారుగా, ఇక తియ్యండి. వేడెక్కుద్ది" అంది ఆ అమ్మాయి మెల్లగా.

తీశాను. దీపం ఎర్రబారి, సన్నబడి, ఆరిపోయింది. ఎవరూ ఏదీ ముట్టుకోకుండానే, బండి తనంతట తాను రేపల్లె వైపు కదిలింది.